చంద్రుడి మీది మూల అద్దాలు

చంద్రుడి మీద ఒక మామూలు అద్దం పెట్టి భూమి నుంచి లేజర్ వెలుగు పంపామనుకోండి. అద్దం ఒక్క డిగ్రీ ఒరిగితే చాలు, తిరిగొచ్చే కిరణం రెండు డిగ్రీలు పక్కకు పోతుంది. 3,84,000 కిలోమీటర్ల దూరానికి అది సుమారు 13,400 కిలోమీటర్ల తేడా, భూమి వ్యాసం కన్నా ఎక్కువ. స్క్రూ తిప్పి సరిచేద్దామంటే అక్కడ మనిషి ఉండడు.

దీనికి విరుగుడు కార్నర్ క్యూబ్. రెండు గోడలూ నేలా కలిసే గది మూలలా మూడు అద్దాలు లంబంగా కలుస్తాయి. లోపలికొచ్చిన కిరణం మూడింటికీ తగులుతుంది. నిలువు, అడ్డం, లోతు అనే మూడు దిశల్లో ఒక్కోదాన్ని ఒక్కో అద్దం తిప్పికొడుతుంది. దాంతో కిరణం వచ్చిన వైపుకే మళ్లుతుంది. మూల కాస్త అటూ ఇటూ ఒరిగినా తేడా రాదు.

వీటిని చంద్రుడి మీదికి పంపాలన్న ఆలోచన వెనక ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ డికీ బృందంలో పనిచేసిన జేమ్స్ ఫాలర్ ఉన్నారు. 1969 జులైలో అపోలో 11 తీసుకెళ్లిన 46 సెంటీమీటర్ల చదరపు పలకలో ఇలాంటివి 100 బిగించారు. ఒక్కోటి 3.8 సెంటీమీటర్ల ఫ్యూజ్డ్ సిలికా గాజు ముక్క. వెనక ఏ పూతా లేదు, సంపూర్ణాంతర పరావర్తనమే అద్దం పని చేస్తుంది. బుడగ మట్టం చూసుకుని, నీడ గుర్తును బట్టి పలకను భూమి వైపు తిప్పడంతో ఆర్మ్‌స్ట్రాంగ్ పని అయిపోయింది. ఆగస్టు 1న కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీకి వెలుగు తిరిగొచ్చింది. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని, అంటే సరిగ్గా ఆ గాజు ముక్క వెడల్పంత, తేలింది ఇలా వెలుగు వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని కొలవడంతోనే.

అయితే సర్దుబాటు కష్టం ఎక్కడికీ పోలేదు, గాజు సానపట్టే బల్ల మీదికి మారింది. ముఖాల మధ్య లంబకోణం ఒక్క ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు తప్పినా భూమి దగ్గర వెలుగు కిలోమీటర్ల మేర చెదురుతుంది. చేతికందే చోట, కొలిచి మళ్లీ సరిదిద్దుకోగల చోట ఆ కష్టమంతా పడటమే ఈ డిజైన్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించే సంగతి.

శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీదా నాసా ఇచ్చిన చిన్న పరికరం ఉంది. అర్ధగోళం మీద 8 కార్నర్ క్యూబ్‌లు, మొత్తం బరువు 20 గ్రాములు. కరెంటు అక్కర్లేదు, కదిలే భాగాలు లేవు. 2023 డిసెంబరు 12న సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి నాసా కక్ష్యానౌక ఎల్‌ఆర్‌ఓ లేజర్ వేసి, తిరిగొచ్చిన వెలుగును పట్టుకుంది. ఇకపై ఆ ప్రాంతానికి వెళ్లే నౌకలకు విక్రమ్ దిగిన చోటు ఒక కొలత రాయిగా పనికొస్తుంది.