బీపీ మాత్రకూ నొప్పి మాత్రకూ పడదు!

బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలోనో గోదావరిఖని బొగ్గుబాయిలోనో పాతికేళ్లు చాకిరీ చేసిన ఒంటికి మోకాళ్లూ నడుమూ నొప్పి పెట్టడం మామూలే. 'తమ్మీ, నొప్పుల గోలీలియ్యి' అంటే చాలు... మందుల షాపులో నాలుగు మాత్రలు చేతిలో పెడతారు. 'పెద్దనాయనా, బీపీకి ఏం వాడుతున్నవ్?' అని అడిగేవాళ్లు తక్కువ. అడగలేదు కదాని ఈయనా చెప్పడు. చిక్కంతా అక్కడే!

డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి. దాంతో మందులు వేసుకుంటున్నా బీపీ పెరుగుతుంది. అంతకన్నా పెద్ద ముప్పు కిడ్నీలకి. రక్తం వడకట్టాలంటే కిడ్నీ జల్లెడలో తగినంత ఒత్తిడి ఉండాలి. నొప్పి మాత్ర, రక్తం లోపలికొచ్చే నాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్, ఎనాలప్రిల్ తరహా బీపీ మందులు బయటికెళ్లే నాళాన్ని వదులు చేస్తాయి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోత కుంటుపడుతుంది. పైగా బీపీ మందులు రెండూ ఒకే మాత్రలో కలిసి ఉండటంతో ఆ సంగతి వాడేవాళ్లకే తెలియకపోవచ్చు.

ఇదేదో ఉత్త భయం కాదు. బ్రిటన్‌లో బీపీ మందులు వాడే దాదాపు 4.87 లక్షల మంది వివరాలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. ఆ రెండు రకాల బీపీ మందులకు నొప్పి మాత్ర తోడైతే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే ముప్పు 31 శాతం పెరిగిందనీ, మొదటి 30 రోజుల్లో అది 82 శాతమనీ తేలింది. రామగుండం ఎండల్లో చెమటతో నీరంతా పోయినప్పుడూ, వాంతులూ విరేచనాలప్పుడూ మరింత జాగ్రత్త అవసరం.

ముక్కుదిబ్బడకు వేసుకునే కొన్ని జలుబు మాత్రలూ బీపీని పెంచుతాయి. అమ్లోడిపిన్ వాడేవారికి క్లారిత్రోమైసిన్ తోడైతే బీపీ బాగా పడిపోవచ్చు. టెల్మిసార్టాన్ వాడుతూ సోడియం తక్కువని పొటాషియం కలిపిన ఉప్పు తింటే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు.

అలాగని బీపీ మాత్ర సొంతంగా మానేయకూడదు. వాడే మందుల పేర్లన్నీ ఓ కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. డాక్టరుకైనా మందుల షాపులోనైనా ముందు అది చూపించాలి. నొప్పికి ఏది, ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరే చెప్పాలి. మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మోకాలి నొప్పి తగ్గించుకోబోయి కిడ్నీల మీదికి తెచ్చుకోవడం ఎందుకు!