రాకెట్‌లో బ్యాటరీ కదిలితే పారాచూట్ తెరుచుకోదు!

2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలిసారి ఎగిరింది. ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రటి కక్ష్యలోకి చేరాలి. ఒకవైపు 356, ఇంకోవైపు 76 కిలోమీటర్ల ఎత్తుండే కక్ష్యలో పడి కిందికొచ్చేశాయి. మోటార్లు బాగానే మండాయి. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన క్షణకాలపు అదురుకు యాక్సెలరోమీటర్ల లెక్క తప్పింది. సెన్సర్లే పాడయ్యాయని కంప్యూటర్ అనుకుంది. విడిపోయే వ్యవస్థను మార్చి 2023 ఫిబ్రవరి 10న పంపితే సక్సెస్!

ఇస్రో రాకెట్‌కే ఇలాగైతే, కాలేజీ టీముల బుల్లి రాకెట్ల సంగతేంటి? వాటిలో అదురు ముందుగా పట్టుకునేది బ్యాటరీనే.

మా చిలమకూరులో సిమెంటు ఫ్యాక్టరీ టిప్పర్లు తిరిగే రోడ్డు మీద రోజూ బైక్ నడిపితే నంబర్ ప్లేటు నట్లే వదులవుతాయి. రాకెట్ కుదుపు ముందు అదెంత! 45 గ్రాముల 9 వోల్టుల బ్యాటరీ మీద 10 జీ పడితే, అది 450 గ్రాముల బరువులా కిందికి లాగుతుంది. స్ప్రింగు హోల్డర్‌లో పెట్టారనుకోండి, స్ప్రింగు నొక్కుకుపోయి పైకొస దగ్గర కాంటాక్ట్ వదిలేస్తుంది. కరెంటు పోయేది రెప్పపాటే. కానీ బోర్డు రీస్టార్ట్ అయి, తానింకా నేల మీదే ఉన్నాననుకుంటుంది. పారాచూట్ తెరవాలన్న సంగతే దానికి గుర్తుండదు. అప్పుడు అది రాకెట్ కాదు, ఎవరి చేలోనో, ఎవరి నెత్తినో పడే ఇనపకడ్డీ.

అందుకే నేనైతే స్ప్రింగు హోల్డర్ల జోలికే పోను. బ్యాటరీ కింద గట్టి ఆధారం, చుట్టూ ఫోమ్, పైన పట్టీ ఉండాలి. లైపో అయితే జిప్‌టైతో పీక నొక్కినట్టు బిగించొద్దు, లోపలి పొరలు దెబ్బతింటాయి.

ఇక వైర్లు. స్క్రూ టెర్మినల్‌లో పెట్టే వైరు కొసకు సోల్డర్ పూయడం చాలామందికి అలవాటు. వద్దు. సోల్డర్ మెత్తటి లోహం, బిగింపు కింద నెమ్మదిగా జారి వదులవుతుంది. పిన్ను ఫెర్రూల్ తొడిగి బిగించి, ప్రతి వైరునీ లాగి చూడండి. వేలాడే వైరు అదురుకు సోల్డర్ అంచు దగ్గరే తెగుతుంది కాబట్టి, దాన్ని పక్కనే బోర్డుకు కట్టేయండి. కొంచెం వదులుండాలి, ఊగకూడదు.

మోటారు మాత్రం ఇంట్లో తయారు చేయొద్దు. పేలుడు పదార్థాల చట్టం ఊరికే లేదు. అనుమతులూ, గైడూ ఉన్న టీముతోనే చేయండి.

చివరి టెస్టుకి ఖర్చేం లేదు. ఇగ్నైటర్ తీసేసి, బోర్డు పవర్ లైనుకు చిన్న ఎల్‌ఈడీ పెట్టి, మొత్తాన్నీ నిలువుగానూ అడ్డంగానూ గట్టిగా ఊపండి. ఒక్కసారి మిణుకుమన్నా మళ్లీ విప్పాల్సిందే.