తేట నీళ్లలో ఏముంది?

నిరుడు జూన్‌లో నాన్న ఒంగోలు నుంచి కొలరాడోకి వచ్చారు. ఓ శనివారం అందరం కలిసి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి వెళ్లాం. గ్లేసియర్ క్రీక్ అనే వాగు ఒడ్డున కాసేపు ఆగాం. పైన కొండల మీద మంచు కరుగుతున్న రోజులవి. అడుగున రాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి నీళ్లు. నాన్న వంగి దోసిట్లోకి తీసుకున్నారు.

"తాతయ్యా, తాగొద్దు!" అని అరిచింది మా అమ్మాయి. జంతువుల వల్ల గియార్డియా అనే క్రిమి చేరుతుందని, వాగు నీళ్లు నేరుగా తాగకూడదని బళ్లో చెప్పారట.

నాన్న నీళ్లు వదిలేశారు గానీ ప్రశ్న వదల్లేదు. "క్రిమి సంగతి సరేరా. అది కాక ఇందులో ఇంకేముంటుంది? ఒట్టి నీళ్లేగా?"

నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఈ వాగు బిగ్ థాంప్సన్ నదిలో కలుస్తుంది. మా ఊరి కుళాయిల్లోకి వచ్చే నీళ్లలో ఆ నదిదీ ఒక వాటా. పన్నెండేళ్లుగా తాగుతున్నాను, వాటిలో ఏముందో ఒక్కసారీ పట్టించుకోలేదు. ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాను.

టీ పొడి మరిగించి వడగడితే పొడి పైన మిగిలిపోతుంది. రంగూ రుచీ మాత్రం డికాక్షన్‌తో కిందికి దిగుతాయి. కొండల మీద జరిగేదీ అదే. కుళ్లిన ఆకులు, గడ్డి వేళ్లు, మట్టిలోని సూక్ష్మజీవులు, సరస్సులోని నాచు... వీటన్నిటి సారం నీళ్లలోకి దిగుతుంది. దాన్నే కరిగిన సేంద్రియ పదార్థం అంటారు. మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా సన్నని రంధ్రాలున్న వడపోత పొరని కూడా అది దాటిపోతుంది. ఎత్తైన సరస్సుల చుట్టూ మట్టి, చెట్లు తక్కువ కాబట్టి ఇదీ తక్కువే. చాలాచోట్ల లీటరు నీటిలో ఒకటి రెండు మిల్లీగ్రాముల కార్బన్ ఉంటే ఎక్కువ.

ఆ కాస్తా చేసే పని మాత్రం చిన్నది కాదు. నీళ్లలోని బాక్టీరియాకి అదే తిండి. వెయ్యి మీటర్ల ఎత్తు పెరిగితే అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. ఆ ఎండకి సరస్సులోని జీవులకి ఈ పదార్థమే గొడుగు.

మేము నిలబడ్డ వాగులోకి నీళ్లు పంపే లోయల్లో లాక్ వేల్ ఒకటి. 1980ల ఆరంభం నుంచి అక్కడ నీటిని కొలుస్తున్నారు. జిల్ బారన్, డయాన్ మెక్‌నైట్ వంటి శాస్త్రవేత్తలు అక్కడ పనిచేశారు. మంచు కరిగి మట్టిలోకి ఇంకినప్పుడు నేలలో పేరుకున్న సారమంతా కడుక్కుని వాగులోకి వస్తుంది. ఆ ఉధృతి తగ్గాక వేసవిలో నాచు నుంచి వచ్చే వాటా పెరుగుతుంది. ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుందంటే, అతినీలలోహిత కాంతి పడితే ఈ పదార్థం మెరుస్తుంది. మట్టి నుంచి వచ్చిన దాని మెరుపు వేరు, నాచు నుంచి వచ్చిన దాని మెరుపు వేరు. సర్వర్‌లో ఏం జరిగిందో మాకు లాగ్ ఫైల్ చెప్పినట్టు, కొండ మీద ఏం జరిగిందో ఈ నీళ్లు చెబుతాయన్నమాట.

కొండ మీద జరిగేది మన గ్లాసు దాకా వస్తుంది. 2020లో కామెరాన్ పీక్ కార్చిచ్చు 2 లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది. ఈ రాష్ట్ర చరిత్రలో అదే అతి పెద్దది. అడవి కాలిన చోట వాన పడితే బూడిద, మట్టితో పాటు సేంద్రియ పదార్థం కూడా నదిలోకి కొట్టుకొస్తుంది. దాన్ని తీయకుండా క్లోరిన్ కలిపితే రెండూ కలిసి ట్రైహాలోమీథేన్లు అనే రసాయనాలు పుడతాయి. ఏళ్ల తరబడి అవి మోతాదు మించి ఒంట్లోకి వెళితే కాలేయం, కిడ్నీలు దెబ్బతినవచ్చు, క్యాన్సర్ ముప్పూ పెరగవచ్చు. అందుకే అమెరికాలో లీటరుకు 80 మైక్రోగ్రాములని, బ్రిటన్‌లో 100 అని పరిమితి పెట్టారు.

మరి ఆ పదార్థాన్ని ఎలా తీస్తారు? ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. చాలా నీటి శుద్ధి కేంద్రాల్లో వాడేది పటికే! చిన్నప్పుడు చెరువు నీళ్ల బిందెలో మా నాయనమ్మ పటిక ముక్క తిప్పేది. తెల్లారేసరికి మడ్డి అడుక్కి చేరేది. ఇక్కడా పటిక సన్నని మట్టితో పాటు కరిగిన సేంద్రియ పదార్థాన్ని కూడా కొంత పట్టుకుని అడుక్కి దించుతుంది. అది ఎంత ఎక్కువుంటే అంత పటిక, అంత ఖర్చు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. మీ ఊరి నీటి సంస్థ ఏటా జూలై 1లోగా నీటి నాణ్యత నివేదిక ఇచ్చి తీరాలి. అందులో 'టోటల్ ఆర్గానిక్ కార్బన్', 'టీటీహెచ్‌ఎం' అన్న వరుసలు చూడండి. ఐదు నిమిషాల పని. నేను పన్నెండేళ్లు చేయని పని.

మర్నాడు భోజనాల దగ్గర మా అమ్మాయి ఆ నివేదికని తాతయ్యకి తెలుగులో చదివి వినిపించింది. ఆయన ప్రతి అంకె దగ్గరా ఆపి అడిగారు. చివరికి, "ఆ 80 గీత దాటలేదుగా?" అన్నారు.

"లేదు తాతయ్యా, లోపలే ఉన్నాం."

"అయితే ఇవి మంచినీళ్లే" అంటూ గ్లాసు అందుకున్నారు. "కానీ వచ్చే ఏడు కూడా చూడు తల్లీ. మీ నాన్న మర్చిపోతాడు."