మీకు తెలుసా? దొర్లుకొచ్చే జిగురుముద్ద ముచ్చట్లు

ప్లాట్‌ఫామ్ గేముల్లో కత్తి దూసే శత్రువుని ఎలాగో తప్పించుకుంటాం. ఊరికే దొర్లుకుంటూ వచ్చే ముద్ద దగ్గరే ప్రాణం పోగొట్టుకుంటాం. దానికి పగ లేదు, పథకం లేదు. వాలు ఉంటే చాలు, వచ్చేస్తుంది. అలాంటి బండల గురించీ, బంకల గురించీ కొన్ని ముచ్చట్లు.

● దొర్లే అడ్డంకికి పేరు తెచ్చింది పీపా. 1981లో జపాన్ కంపెనీ నింటెండో విడుదల చేసిన ‘డాంకీ కాంగ్’లో గొరిల్లా పైనుంచి పీపాలు దొర్లిస్తుంటే, ఓ బుల్లి వడ్రంగి వాటి మీదుగా దూకుతూ పైకెక్కాలి. ఒక్కో పీపా దాటితే 100 పాయింట్లు. ఆ వడ్రంగే తర్వాత మారియో అయ్యాడు. రూపకర్త షిగేరు మియామోతో మొదట అనుకున్నది పొపాయ్ కథ. దాని హక్కులు దొరక్కపోవడంతో గొరిల్లాను రంగంలోకి దించారు. హక్కులు దొరికి ఉంటే మారియో పుట్టేవాడే కాదేమో!

● ఆ ఆటలో 22వ దశకు చేరినవాళ్లను చంపేది పీపా కాదు, లెక్క. ఆటగాడికిచ్చే గడువు లెక్కకు యంత్రం దశ సంఖ్యను 10తో గుణించి 40 కలుపుతుంది. 22వ దశలో అది 260 అవుతుంది. కానీ యంత్రం ఆ సంఖ్యను దాచుకునే చోట 255 వరకే పడుతుంది. 255 దాటాక మళ్లీ సున్నా నుంచి లెక్క మొదలవుతుంది కనుక మిగిలేది 4. గడువు కొన్ని సెకన్లలోనే అయిపోయి, ఎంత మొనగాడైనా అక్కడే కూలబడతాడు.

● ‘క్రాష్ బ్యాండికూట్’ (1996)లో నాటీ డాగ్ సంస్థ పెట్టిన బండరాయి ఇంకా గడుసుది. ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ సినిమాలో హీరోని తరిమే రాయి గుర్తుందా? ఇదీ ఆ వరసే. ఇక్కడ మాత్రం క్రాష్ మన వైపే పరుగెత్తుకొస్తాడు. వెనక తరిమే రాయి నిండుగా కనిపిస్తుంది, ముందున్న గొయ్యి చివరి క్షణం దాకా కనిపించదు. భయపెట్టేదాన్ని చూపించి, చంపేదాన్ని దాచారన్నమాట! నా దృష్టిలో ఇంత తక్కువ సరంజామాతో ఇంత కంగారు పుట్టించిన దశ మరొకటి లేదు.

● ఇంతకీ నిజమైన జిగురుముద్ద, అంటే స్లైమ్, దొర్లుతుందా? వదిలేస్తే నేల మీద పరుచుకుపోతుంది. మెల్లగా లాగితే సాగుతుంది, చటుక్కున లాగితే పుటుక్కున తెగుతుంది. అందులోని పొడవాటి అణువుల గొలుసులు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపే దెబ్బ తగిలితే గట్టి పదార్థంలా, తీరిక దొరికితే ద్రవంలా ప్రవర్తిస్తుంది. గొలుసులు సర్దుకోవడానికి పట్టే సమయానికీ, మనం గమనించే సమయానికీ ఉన్న నిష్పత్తికి శాస్త్రంలో ‘డెబోరా సంఖ్య’ అని పేరు. 1964లో ఆ పేరు ప్రచారంలోకి తెచ్చిన మార్కస్ రైనర్, దాన్ని బైబిల్లోని డెబోరా ప్రవక్త్రి నుంచి తీసుకున్నాడు. దేవుడి ముందు పర్వతాలు ప్రవహించాయని ఆమె పాడిందట. కావలసినంత కాలం ఉన్నవాడికి కొండ కూడా ద్రవమేనని రైనర్ భావం. ఈ లెక్కన, వేగంగా దొర్లుతున్నంతసేపు జిగురుముద్ద బంతిలా ఉండొచ్చు. గోడకు తగిలి ఆగిందా, చతికిలబడాల్సిందే. అలా చతికిలబడే ముద్దను చూపించిన ఆటకు నేనైతే రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

● ‘డ్రాగన్ క్వెస్ట్’ (1986) ప్లాట్‌ఫామ్ ఆట కాదు గానీ, స్లైమ్ ముచ్చట్లలో దాన్ని వదిలేస్తే తప్పు. అందులోని స్లైమ్‌కు ఆట రూపకర్త యూజీ హోరీ గీసిచ్చింది వట్టి బురదకుప్ప. ‘డ్రాగన్ బాల్’ చిత్రకారుడు అకిరా తోరియామా దాన్ని నవ్వుమొహం పెట్టిన నీలి నీటిబొట్టుగా మార్చాడు.

● జిగురుముద్దే హీరో అయిన ఆటలూ ఉన్నాయి. ‘గిష్’ (2004)లో మనం తారు ముద్ద. ‘లోకోరోకో’ (2006)లో అయితే ముద్దను నడిపించం, దాని కింద నేలనే వంచుతాం. అది దొర్లిపోతుంది.

● బుర్ర లేని జిగురు దారి కనుక్కోగలదు. ఫైసేరమ్ అనే పసుపుపచ్చ జిగురుజీవికి మెదడు లేదు, నరాలూ లేవు. అయినా చిక్కుదారిలో రెండు చోట్ల తిండి పెడితే, వాటి మధ్య దగ్గరి దారి వెంట మిగిలిందని 2000లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. 2010లో టోక్యో చుట్టుపక్కల పట్టణాలు ఉండే చోట్ల ఓట్స్ పెట్టి వదిలితే, అక్కడి రైలు మార్గాలకు దగ్గరగా ఉండే వల అల్లింది. పరుగు మాత్రం గంటకు కొన్ని సెంటీమీటర్లే కాబట్టి ఏ హీరోకీ దాంతో ప్రమాదం లేదు.

● అమెరికాలో మాటెల్ సంస్థ 1976లో చిన్న చెత్తడబ్బా లాంటి డబ్బాలో పెట్టి అమ్మిన పచ్చటి స్లైమ్‌లో ప్రధాన సరుకు గ్వార్ గమ్. అంటే గోరుచిక్కుడు గింజల జిగురు! మనం వేపుడు చేసుకు తినే ఆ గోరుచిక్కుడే. ప్రపంచంలో దీన్ని అత్యధికంగా పండించేది మన దేశమే, అందులోనూ రాజస్థాన్‌ది పెద్ద వాటా. ఆ జిగురును ముద్దగా పట్టి ఉంచేది బోరాక్స్. అది కడుపులోకి పోకూడదు. కాబట్టి ఇంట్లో పిల్లలు స్లైమ్‌తో ఆడుకుంటే, అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడిగించండి.