ఉమ్మనీరు తగ్గినపుడు శిశువు గుండెను ఎందుకు కనిపెట్టవలెను?

గత వేసవిలో మా న్యాల్‌కల్ వైద్యశాలకు ఒక నిండు గర్భిణిని ఆమె అత్తగారు తీసుకొని వచ్చినారు. జహీరాబాదులో స్కానింగు చేసి, ఉమ్మనీరు తగ్గినదనియు, నొప్పులు తెప్పించి కాన్పు చేయవలెననియు చెప్పినారట. "అయ్యగారూ, నీళ్లు పెరిగెతందుకు కషాయం ఇయ్యిండ్రి, ఇంకో వారం జూస్తం" అని ఆమె కోరిక. నేను కషాయము ఇవ్వలేదు. కారణము పాఠక సోదరీమణులకు విన్నవించుచున్నాను.

గర్భోదకము: చరకాచార్యులు శారీరస్థానమున చెప్పిన గర్భోదకమే మనము ఉమ్మనీరనునది. నాలుగవ నెల దాటిన పిమ్మట ఇందులో అధికభాగము శిశువు మూత్రమే. మావి నుండి రక్తము చాలనపుడు శిశువు దానిని మెదడుకు, గుండెకు మళ్లించుకొనును. మూత్రము తగ్గును, నీరు తగ్గును. తల్లికి రక్తపోటు, నెలలు నిండి దినములు మీరుట, ఉమ్మనీటి సంచి చిరుగుట కూడ కారణములే. స్కానింగులో అన్నిటికంటె లోతైన చోట నీరు 2 సెంటీమీటర్లకు తక్కువైనచో అది లోపమే.

గుండె పరీక్ష: నీరు బొడ్డుత్రాడుకు మెత్త వంటిది. అది లేనిచో ప్రతి నొప్పికి త్రాడు నలిగి, గుండె వేగము పడిపోవచ్చును. మందుతో తెప్పించిన నొప్పులు 10 నిమిషములలో 5 కంటె ఎక్కువ వచ్చినచో శిశువుకు తేరుకొను వ్యవధి చాలదు. అందుకే పొట్టపై పట్టీలు కట్టి గుండెను యంత్రముతో గమనింతురు. నిమిషమునకు 110 నుండి 160 సార్లు కొట్టుకొనుట సహజము. ఒకసారి తగ్గి వెంటనే కోలుకొన్నచో భయపడనక్కరలేదు. పదే పదే పడిపోవుచున్నచో సెలైనులోని మందు ఆపి, తల్లిని ప్రక్కకు త్రిప్పి చూతురు. కుదురుకొననిచో ఆపరేషను చేయుదురు. అపుడు అడ్డు చెప్పరాదు.

ఇంటివారు చేయవలసినవి: మంచినీరు చాలినంత ఇవ్వవలెను. ఎడమ ప్రక్కకు పరుండవలెను. 2 గంటలలో కదలికలు 10 కంటె తక్కువైనను, నీరు కారినను, అది పచ్చగా ఉన్నను, రక్తము కనిపించినను తక్షణము 108కు ఫోను చేయవలెను. ఆముదము త్రాగించి నొప్పులు తెప్పించరాదు.

ముప్పది ఐదేండ్ల క్రితము పొట్ట చిన్నగా ఉన్నదని వచ్చిన ఒక గర్భిణికి నేను శతావరి పాలు ఇచ్చి, నాలుగు దినములు ఆగమన్నాను. గురుకులమున నాడి చూచుట నేర్చినవాడను. తల్లి నాడి బాగుగనే ఉండెను. లోపలి శిశువు కష్టము ఆ నాడిలో నాకు తెలియలేదు. ఆ బిడ్డ దక్కలేదు. అందుచేత ఈ తల్లిని ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి పంపితిని. కాన్పు అయిన పిమ్మట బాలింత పథ్యమునకు రమ్మని చెప్పితిని. బిడ్డనెత్తుకొని వచ్చినారు.