ఉదయగిరి చెక్క స్పూన్లు: మెషిన్ వచ్చాక చేతి పనికి మిగిలేదేంటి?

షీర్‌ఖుర్మా గిన్నెలో పెట్టే స్పూను ఎక్కడ తయారైందని ఎవరూ అడగరు. స్టీలుదైతే కడిగి పెట్టుకుంటాం, వలీమా దావత్‌లో ఐస్‌క్రీంతో ఇచ్చే పలచటి చెక్క పుల్లైతే తినేసి పారేస్తాం. కానీ నెల్లూరు జిల్లా పడమర కొసన, దుర్గం కొండ కింద ఉన్న ఉదయగిరిలో కొన్ని కుటుంబాలకు స్పూనే అన్నం పెడుతుంది. ఇక్కడి చెక్క స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు దేశమంతా పేరు తెచ్చుకున్నాయి. చెక్కేవాళ్లలో చాలామంది ముస్లింలు, వాళ్లలోనూ ఇంటి దగ్గరే కూర్చుని పని చేసే ఆడవాళ్లు ఎక్కువ.

ఈ పనికి వాడేది నర్ది, బిక్కి, కల్ది, దేవదారు లాంటి చెక్క. బాడిశతో మోటుగా ఆకారం తెచ్చి, ఉలితో గుంట తీసి, ఆకురాయితో అరగదీసి, చివర్లో ఉప్పుకాగితంతో నున్నగా చేస్తారు. కాడ మీద పూలు, లతలు, జాలీ పని వస్తాయి. ఆ నగిషీలో పర్షియన్ ఛాయ ఉందంటారు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట, ఆ తర్వాత గోల్కొండ సుల్తానుల చేతికొచ్చిన కోట ఇదే. కొండ మీద మసీదులు ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి ఆ మాటలో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు ఆత్మకూరు బజారుకు వస్తే కథ వేరు. స్టీలు సామాన్ల షాపులో డజను స్పూన్లు చవగ్గా దొరుకుతాయి. స్టీలు స్పూనుతో ఉదయగిరికి పెద్ద పేచీ లేదు, అది ఎప్పటినుంచో ఉన్నదే. ప్లాస్టిక్ స్పూనుతో మాత్రం ఒక విచిత్రం జరిగింది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ స్పూన్లు, ఫోర్కులు, ప్లేట్లను కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. చెక్క స్పూనుకు మంచి రోజులు వచ్చాయని అప్పుడు ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ ఖాళీలోకి వచ్చింది ఫ్యాక్టరీలో పలచటి చెక్క రేకును అచ్చుతో కొట్టి తీసిన పుల్ల. దానికి కూడా పేరు చెక్క స్పూనే. రెండూ చెక్కే అయినప్పుడు ధరలో అంత తేడా ఎందుకని కొనేవాళ్లు అడగడం మొదలుపెడతారు. చేతి పని చేసేవాళ్లకు నష్టం మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే.

తేడా ఎందుకో లెక్క కట్టి చూస్తే తెలుస్తుంది. కేవలం ఉదాహరణకు, స్పూన్లు చెక్కే కంప్యూటర్ మెషిన్ ఖరీదు 3 లక్షలు అనుకుందాం. దాని మీద లక్ష స్పూన్లు తీస్తే ఒక్కోదాని మీద మెషిన్ భారం 3 రూపాయలే. 2 లక్షలు తీస్తే రూపాయిన్నర. ఎన్ని ఎక్కువ చేస్తే అంత చవక. చేతి పనిలో ఈ సూత్రం నడవదు. మొదటి స్పూనుకు రెండు గంటలు పడితే వెయ్యో స్పూనుకూ రెండు గంటలే పడుతుంది. చెయ్యి తిరిగినకొద్దీ కొంచెం వేగం పెరుగుతుంది, అంతే. ధరలో మెషిన్‌తో పోటీ పడాలంటే చేతి పనివాళ్ల ముందున్నది ఒక్కటే దారి. తమ కూలి తామే తగ్గించుకోవాలి.

తగ్గేది కూలి ఒక్కటే కాదు, పని కూడా మారిపోతుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. మెషిన్ సరుకు చూసి అలవాటైన వ్యాపారి అన్నీ ఒకే సైజు, ఒకే డిజైన్‌లో 500 కావాలని ఆర్డరిస్తాడు. ఒక కాడకు ఇంకో కాడకు తేడా ఉంటే తిప్పి పంపుతాడు. అప్పుడు చెక్కే మనిషి కొత్త నగిషీ ఆలోచించడం మానేస్తుంది, ఎక్కువ టైం తినే జాలీ పని వదిలేస్తుంది. ఊళ్లోకి మెషిన్ రాకుండానే చేతులు మెషిన్‌లా పని చేయడం నేర్చుకుంటాయి. తల్లి చేసేటప్పుడు ఉన్న డిజైన్ కూతురి దగ్గరికి వచ్చేసరికి ఉండదు. మరిచిపోయి కాదు, అడిగేవాళ్లు లేక.

నిజానికి చేతితో చేసిన స్పూను గట్టితనానికి కారణం కూడా చేతే. చెక్కలో నారలు ఎటు పోతున్నాయో చూసి, కాడ పొడుగునా నార సాగేలా చెక్కను చీల్చి పని మొదలుపెడతారు. పలక మీద నార చూడకుండా వరసగా కోసుకుంటూ పోతే కొన్ని స్పూన్లలో అది కాడకు అడ్డంగా పడుతుంది. అలాంటిది గుంటకు కాడకు కలిసే మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. లేజర్‌తో కోసినదైతే అంచుల్లో సన్నటి కాలిన మరక కనిపిస్తుంది. రెండు స్పూన్లు పక్కపక్కన పెట్టి కాడల మీది పువ్వులు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసినా సంగతి బయటపడుతుంది.

మరి జీఐ గుర్తింపు ఉంది కదా, కాపీలను ఆపలేరా అంటే, సగం మాత్రమే ఆపగలరు. ఉదయగిరి చెక్క స్పూన్లు భౌగోళిక గుర్తింపు పొందిన మాట నిజం. 1999 నాటి ఆ చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది. అది కాపాడేది పేరును. వేరే ఊళ్లో తయారైన స్పూనును ‘ఉదయగిరి’ అని అమ్మితే నేరం. 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా పడొచ్చు. కానీ అదే పువ్వు, అదే జాలీ దించేసి ఊరి పేరు రాయకుండా ‘చెక్క స్పూను సెట్’ అని ఆన్‌లైన్‌లో పెడితే జీఐ చట్టం చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. డిజైన్ల కోసం 2000 సంవత్సరపు చట్టం వేరే ఉంది గానీ, దాని కింద రిజిస్టర్ చేయాలంటే డిజైన్ కొత్తదై ఉండాలి. తాతల నాటి నగిషీ కొత్తది కాదు కదా! పాతదనమే దీని విలువ, ఆ పాతదనం వల్లే రక్షణ లేదు.

చేనేతకు ఇంతకంటే కాస్త గట్టి గోడ ఉంది. 1985 చట్టం ప్రకారం 11 రకాల వస్త్రాలు మగ్గం మీదే నేయాలి, పవర్‌లూమ్ మీద నేయకూడదు. అయినా పోచంపల్లి ఇక్కత్ డిజైన్‌ను మామూలు బట్ట మీద ప్రింట్ కొట్టి అమ్ముతూనే ఉన్నారు. చెక్క పనికి ఆ పాటి గోడ కూడా లేదు.

అలాగని టెక్నాలజీ అంతా శత్రువేమీ కాదు. అరగదీసే చిన్న కరెంటు మెషిన్ ఉంటే దాని వల్ల పోయే కళ ఏమీ లేదు, భుజం నొప్పి మాత్రం తగ్గుతుంది. ఆ మిగిలిన గంట నగిషీకి పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో ఫొటో పెడితే నెల్లూరు దాకా సుమారు వంద కిలోమీటర్లు మూట మోసుకుపోకుండానే ఆర్డరు రావచ్చు. అదే ఫొటోను కంప్యూటర్‌లో గీసుకుని ఇంకెవరో మెషిన్‌కు ఎక్కించనూవచ్చు.

ఆన్‌లైన్ అమ్మకంలో పన్ను చిక్కు ఒకటుంది, తెలుసుకోవడం మంచిది. 2023 అక్టోబరు 1 నుంచి చిన్న అమ్మకందారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే ఈ-కామర్స్ వేదికల్లో అమ్ముకోవచ్చు, కాకపోతే సొంత రాష్ట్రం లోపలే. ఉదయగిరి నుంచి విశాఖకు పంపొచ్చు. దానికంటే దగ్గరున్న చెన్నైకి, బెంగళూరుకు, ఆఖరికి హైదరాబాద్‌కు కూడా ఆ దారిలో పంపాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. ఇలాంటి సరుకు ఎక్కువగా కొనేది పెద్ద నగరాల వాళ్లే. అందుకే మధ్యలో రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి వస్తాడు, 500 ఒకే రకం అడిగేది కూడా ఆయనే.

చేతిలో ఉన్న కొన్ని పనులు మాత్రం ఖర్చు లేనివి. జీఐ పేరు వాడుకోవడానికి ‘అధీకృత వినియోగదారు’గా నమోదు చేసుకోవాలి. 2020లో ఆ ఫీజును 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే పెహచాన్ కార్డు కూడా తీసుకోవచ్చు. ఇక 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. స్పూన్లు చెక్కే పని విడిగా లేదు, వడ్రంగి ఉంది. పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల వరకు అప్పు ఇస్తారు. అయితే కుటుంబానికి ఒక్కరికే. తల్లి చెక్కుతుంది, కూతురు నగిషీ వేస్తుంది, తండ్రి చెక్క తెస్తాడు. అలాంటి ఇంట్లో వడ్రంగి అని ఎవరి పేరు రాయించాలన్నది దరఖాస్తు నింపే ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.