మేక తలలోని వల

శనివారము తెల్లవారుజామున నవీపేట మేకల సంతకు పోయినవారు, సంత చూచుకొని మరలుచు, ఒక కటికె దుకాణము ముందు గడియసేపు నిలుచున్నచో, పుస్తకము తెరువకయే శరీరశాస్త్రములో తొలిపాఠము చదువుకొనగలరు. ‘ఇది కార్జం, ఇవి గుర్దాలు, గిది తిల్లి’ అనుచు, తడుముకొనకుండ, ఒక్కొక్కదానిని వేరుచేసి త్రాసులో వేయు ఆ మనిషి వ్రేళ్లకున్న జ్ఞానము సామాన్యమైనది కాదు. నేనొకనాడు తలకాయ కొట్టించుచుండగా, మెదడు తీసిన పిదప పుఱ్ఱె అడుగున ఎఱ్ఱదారములు చిక్కుపడినట్లున్న చిన్న ముద్ద యొకటి కనబడినది. ఇదేమని అడిగితిని. ‘గది పారేసేది సారు’ అని ఆతడు దానిని కత్తిమొనతో గీకి కుక్కకు విసరెను. పదమూడు వందల సంవత్సరములపాటు ఐరోపా వైద్యులు మానవ బుద్ధికి పుట్టినిల్లని నమ్మిన వస్తువు ఆ విధముగా కుక్కపాలయ్యెను.

క్రీస్తుశకము రెండవ శతాబ్దివాడైన గాలెను, మానవ శవములను కోయుటకు అవకాశము లేక, కోతులను, పందులను, పశువులను కోసి చూచి, అందు కనబడినదెల్ల మనుష్యునియందును ఉండునని వ్రాసెను. మెదడు క్రింద రక్తనాళములు వలవలె అల్లుకొనిన ఈ ‘అద్భుత జాలము’లో ప్రాణశక్తి వడగట్టబడి, బుద్ధిశక్తిగా మారునని ఆయన సిద్ధాంతము. జాలము నిజమే, అయితే అది గొఱ్ఱెకు, మేకకు, ఎద్దుకు ఉన్నది గాని మనకు లేదు. ఎండలో మేయు మేకకు మెదడునకు పోవు రక్తము చల్లబడుటకు అది తోడ్పడును.

మన సుశ్రుతుడు శవమునే పరీక్షింపుమనెను. దేహమును గడ్డితో చుట్టి, బోనులో నుంచి, ప్రవాహజలములో ఏడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట కుంచెతో మెల్లమెల్లగా రాచి, చర్మము మొదలుకొని లోపలి అంగములన్నియు కన్నులతో చూడవలెనని ఆయన విధి. చూచుట గూర్చి ఇంత శ్రద్ధ వహించిన ఆ సంప్రదాయము, చూచినదానిని చిత్రించి తరువాతివారికి అందించు మార్గమును మాత్రము పట్టలేదు. ఆయన లెక్కించిన ఎముకలు మూడువందలు. నేటి లెక్కకు వయోజనునిలో 206. ఎదుట బొమ్మ యొకటి ఉన్నచో ఈ లెక్కను ఎవరో ఒకరు సరిచూచి యుందురని నాకు తోచును.

ఆ బొమ్మను శాస్త్రసాధనముగా మలచినది అచ్చుదిమ్మ. చదునుచేసిన చెక్కపై చిత్రమును గీసి, గీత లేనిచోటనెల్ల చెక్కను తొలచివేసినచో, మిగిలిన గీతయే సిరా పట్టి కాగితముపై పడును. ఆ దిమ్మను సీసపు అక్షరముల ప్రక్కనే బిగింపవచ్చును గనుక మాటయు బొమ్మయు ఒకే పుటపై నిలుచును. చేతితో నకలు తీయువాడు నకలు నకలుకును కొంత తప్పు కలుపును. దిమ్మ అట్లు కలుపదు.

పాడువా ఆచార్యుడైన వెసాలియస్ 1538లో అచ్చువేయించిన ఆరు పటములలో, గాలెనుపై గౌరవముచేత, ఆ అద్భుత జాలమును తానును మనుష్యునిలో గీచెను. పాఠము చెప్పునప్పుడు పశువు తల నొకదానిని ప్రక్కన పెట్టుకొని, లేనిదానిని ఉన్నట్లు చూపెను. అయిదు సంవత్సరములలోనే, తన ఇరువదెనిమిదవ యేట, 1543లో బాసెలు నగరమున ఆయన ప్రకటించిన మహాగ్రంథము ఆ తప్పును ఒప్పుకొని కొట్టివేసెను. ఆ గ్రంథములోని కండరముల మనుష్యులు శవములవలె పడియుండక, కొండలు, చెట్లు, గ్రామములు గల మైదానములో నిలుచుండి, పుటపుటకు ఒక పొర జారవిడుచుచుందురు; కడకు ఒకడు నిలువలేక త్రాటికి వ్రేలాడును. ఆ పుటలను వరుసగా పేర్చినచో వెనుకనున్న కొండలు కలిసి పాడువా పరిసరముల ఒకే దృశ్యమగును. బేరిచెక్క దిమ్మలు ఆల్ప్సు పర్వతములు దాటి అచ్చుకూటమునకు చేరినవి. వాటిపై గీచిన చేయి ఎవరిదో నేటికిని పండితులు తేల్చలేదు. కొందరు టిషియను శిష్యుడైన కాల్కారు నందురు. ఆ దిమ్మలు నాలుగు శతాబ్దములు బ్రతికి, 1934లో మరల ఒకసారి సిరా పట్టి, రెండవ ప్రపంచయుద్ధమున మ్యూనిక్ నగరముపై పడిన బాంబులకు బూడిదయ్యెను.

వెసాలియస్ గ్రంథము వెలువడి మూడు శతాబ్దములు గడచిన పిదప లండనులో ఈ దిమ్మకు మరియొక మెరుగు కలిగెను. అంతవరకు సామాన్యముగా అవయవముపై ఒక అక్షరము, ప్రక్కన దానికి పట్టిక యుండెడివి. విద్యార్థి కన్ను ఇటునటు పరుగెత్తవలసి వచ్చెడిది. హెన్రీ వాండైక్ కార్టరు అను యువవైద్యుడు నాళము వెంబడి నాళము పేరును, ఎముకపై ఎముక పేరును వ్రాసెను. అదియు దిమ్మపై అద్దములోని ప్రతిబింబమువలె తారుమారుగా. 1858లో వెలువడిన ‘గ్రేస్ అనాటమీ’లోని 363 చిత్రములకు మూలమైన చేయి అతనిదే. దానికి అతనికి ముట్టినది 150 పౌనులు, రాయల్టీ లేదు. ముఖపత్రము ప్రూఫులో తన పేరుతో సమానమైన అక్షరములలో కార్టరు పేరు కనబడగా, గ్రంథకర్తయైన గ్రే దానిని చిన్నది చేయించెను. నాకు గ్రే పాండిత్యముపై గౌరవమున్నది, ఆ కలపుపోటుపై లేదు.

కార్టరు అప్పటికే ఓడ ఎక్కి బొంబాయి చేరియుండెను. గ్రే మూడేండ్లకే మశూచితో మరణించెను. కార్టరు ముప్పది సంవత్సరములు మనదేశములో పనిచేసి, గ్రాంట్ వైద్యకళాశాలలో శరీరశాస్త్రము బోధించెను. ముల్లు గ్రుచ్చుకొన్న చోట మట్టిలోని బూజు చొరబడి, ఏండ్లతరబడి పాదమును తొలచి, రంధ్రములనుండి నలుసులు రాల్చు వ్యాధి ఉన్నది. దీనినే మదురా పాదమందురు. కార్టరు దానిని స్వయముగా చిత్రించి 1874లో గ్రంథము ప్రకటించెను. లండనులో రాజమార్గమును విడిచిన ఆ కుంచె, బోధన్ పట్టణపు చెరుకుతోటలలో ఉత్తకాళ్లతో నీరు కట్టువానివంటి వాని అరికాలి దగ్గరకు వచ్చి నిలిచెను.

హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారపు పాతపుస్తకముల గుట్టలో ‘గ్రే’ ప్రతి ఏదైన మీ చేతికి తగిలినచో, బేరమాడుటకు ముందు ముఖపత్రము తిప్పి, కార్టరు పేరు ఉన్నదో లేదో ఒక్కసారి చూడుడు.